మా బాత్రూంలో పార్కింగ్ టైలు

మేస్త్రి పోయిన సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఊళ్ళో పిల్లి ఈనినా నా పుస్తకాల కొట్టు ముందు ఆగి చెప్పి వెళ్ళేవాళ్ళు, ఈ ఒక్క కబురూ పన్నెండు రోజులు నా చెవిన పడకుండా దాచారు. చివరికి నేనే సంచిలో ఒక బూడిదరంగు టైలు పెట్టుకుని, నరసన్నపేట హైవే పక్కనున్న టైల్సు కొట్టుకు వెళ్ళి, "మేస్త్రి ఎప్పుడొస్తాడయ్యా? ఇవాళ అటో ఇటో తేల్చుకోవాలి" అన్నాను. కొట్టాయన నా సంచి వంకా నా మొహం వంకా చూశాడు.

"ఇంకెవులితో తేల్సుకుంటారు బాబూ? ఆయన ఎలిపోయి పన్నెండ్రోజులైనాది. నిన్ననే పెద్దకర్మ."

నిజం చెప్పాలంటే ముందు నాకు కోపమే వచ్చింది. మా బాత్రూంలో ఒక్క టైలు మార్చమని అయిదేళ్ళుగా ఆ మనిషి వెంట పడుతున్నాను. మార్చకుండానే వెళ్ళిపోయాడు. తర్వాత సంచి బరువనిపించి కింద పెట్టాను. కొట్టాయన టీ తెప్పించాడు. రెండు గుక్కలు తాగాడో లేదో గ్లాసు పక్కన పెట్టి భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టాడు.

"ఏటయ్యా?"

"ఏటీ నేదు బాబూ. మీరు పడిన సోటు సరిగ్గా అదే" అని నా కాళ్ళ దగ్గర నేల చూపించాడు.

నాకూ నవ్వు ఆగలేదు. చావు కబురు విని నవ్వడం తప్పే. కానీ ఆ మనిషిని తలుచుకుని నవ్వకుండా టీ తాగగలిగినవాడు మా ఊళ్ళో లేడు.

ఆయన మా ఇంటికి మొదటిసారి వచ్చింది హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఏడాది వేసవిలో. మా పాత బాత్రూంలో నేల మా నాన్న వేయించిన గచ్చు. ఎంత తోమినా పాచి వదలదు. ఆ మాఘంలో అమ్మ దాని మీద జారిపడి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ భయం పోలేదు. నా భార్య చెయ్యి పట్టుకుంటే తప్ప లోపల అడుగు పెట్టేది కాదు. తలుపు మూయనిచ్చేది కాదు. స్నానం అయ్యేదాకా కోడలు అక్కడే గోడ వైపు తిరిగి నిలబడాలి. అమ్మకు అప్పటికి డెబ్బై. పద్దెనిమిదో ఏట కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ తెల్లవారకముందే ఒక్కత్తే తలుపు గడియ వేసుకుని స్నానం చేసిన మనిషి. "సంటిపిల్లకి పోసినట్టు పోస్తన్నారే నాకు" అని తల దించుకునేది. రోజూ చేసే స్నానం రెండు రోజులకోసారి అయింది.

మా అక్క మొగుడు, అంటే మా బావ, విజయనగరంలో ఉంటాడు. అమ్మను చూడటానికి ఆసుపత్రికి వచ్చి, పదిమంది ముందు, "ఏరా బావా, మీ ఇంట్లో ఉన్నది బాత్రూమా, రొయ్యల సెరువా?" అన్నాడు. కట్టు కడుతున్న నర్సు కూడా నవ్వింది. ఆ రోజు గురువారం. ఆ నర్సు ఇప్పటికీ మా కొట్టులోనే పెన్నులు కొంటుంది. నేను చిల్లర ఇస్తాను గానీ నవ్వను.

అప్పుడే నిర్ణయించుకున్నాను. బావ ఇంట్లో ఉన్నట్టే తెల్లటివి, వంగితే మొహం కనిపించేవి వేయించాలి. చిక్కు డబ్బు దగ్గరే వచ్చింది. బడులు తెరిచే ముందు పుస్తకాల కొట్టువాడి దగ్గర రూపాయి ఉండదు. ఉన్నదంతా నోటుపుస్తకాలై అటకెక్కి కూర్చుంటుంది. పాత నేల తవ్వడం, సిమెంటు, ఇసుక, టైల్సు, కూలీ, అన్నీ కలిపి పదివేలు దాటకూడదు. పదివేలకు పని చేసేవాడు ఎవడని అడిగితే అందరూ ఒకే మనిషిని చెప్పారు. చెప్పి, ఎందుకో నవ్వారు.

శ్రీముఖలింగం వెళ్ళే దారిలో ఒక పల్లె నుంచి మోపెడ్ మీద వచ్చాడు. ఎండుగడకర్రలాంటి మనిషి. నేల మట్టం చూసుకునే నీళ్ళగొట్టం డాక్టరులా మెడలో వేసుకున్నాడు. భుజాన తువ్వాలు. ఎడమ చెవి సరిగ్గా వినపడదు కాబట్టి మనతో మాట్లాడేటప్పుడు కుడి చెవి ముందుకు పెట్టి, మొహం పక్కకు తిప్పి నిలబడతాడు. మన మాట నచ్చక మొహం తిప్పుకున్నాడేమో అనిపిస్తుంది. మొదటి అవమానం అక్కడే జరిగింది.

బాత్రూం తలుపు తెరిచి చూపించాను. తొంగి చూశాడు.

"రెండు బకెట్ల నీళ్ళెట్టించండి బాబూ. సబ్బుముక్క ఉంటే మరీ మంచిది."

"కొలతలకి నీళ్ళెందుకు?"

"కొలతలు తరవాత. ముందు తానం సేస్తాను."

నేను నోరు తెరిచేలోగా ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. నా భార్యకు ఏం తోచిందో, బీరువాలో చీరల మడతల్లో దాచిన చందనం సబ్బు తీసి, కాగితం విప్పి మరీ తలుపు సందులోంచి అందించింది. అదే సబ్బు అంతకు ముందు నెలలో నేను అడిగితే "వాసన పోతుంది, ఉండనివ్వండి" అని ఇవ్వలేదు.

లోపల చెంబు చప్పుడు. "ఓహో." మళ్ళీ చెంబు. "ఇదా నీ ఏసం!" మేము వసారాలో వరసగా నిలబడి వింటున్నాం. అమ్మ లేచి వచ్చింది.

"ఎవర్రా లోపల?"

"మేస్త్రి."

"మేస్త్రి మనింట్లో తానం చేస్తన్నాడేటి? చుట్టమా?"

"కాదు."

"మరి భోజనం కూడా పెట్టాలా?"

అరగంట తర్వాత తల తుడుచుకుంటూ, చందనం వాసన వేస్తూ బయటకు వచ్చాడు. సబ్బులో సగం లేదు.

"బాబూ, మీ నీళ్ళు తూముకాడికి ఎల్లటం నేదు. తూముని సూసి బయపడి తలుపుకాడికి పారొచ్చేస్తన్నాయి. సబ్బుగూడేమో ఈపు ఎనక ఉన్నాది. సబ్బుకోసం తిరిగితే మనిషి తిరుగుతాడు గానీ కాలు తిరగదు. అమ్మగోరు సబ్బుకని తిరిగినప్పుడే కదా పడినారు?"

"అవున్నాయనా!" అంది అమ్మ, జాతకం చెప్పించుకున్నంత సంబరంగా. మూడు నెలలుగా అదే సంగతి ఆమె నాతో చెబుతోందట. నేను వినలేదట. ఇది ఆమె ఆరోపణ.

"నీటికి మొహమాటం నేదు బాబూ. తోవ సూపిస్తే ఎలిపోతాది. సూపించకపోతే మనింట్లోనే కూకుంటాది, అల్లుడిలాగ" అన్నాడాయన. మా బావను ఎన్నడూ చూడకుండానే ఆ మాట అన్నాడు. అప్పుడు మాత్రం ఆయన మీద నాకు కొంచెం గౌరవం కలిగింది.

తర్వాత తెలిసింది, ఏ ఇంటికి వెళ్ళినా ఆయన పద్ధతి అదేనని. స్నానం చేయకుండా పని ఒప్పుకోడు. ఒక మిల్లు యజమాని ఇంట్లో రెండు బకెట్లు పోసుకుని, "మీ బాత్రూం బాగానే ఉన్నాది బాబూ, నాకు పని నేదు" అని తల దువ్వుకుని వెళ్ళిపోయాడట. మా ఊళ్ళో ఎవరి నీళ్ళు ఉప్పనో, ఎవరింట్లో చెంబుకు చిల్లో ఆయనకు తెలిసినట్టు మరెవరికీ తెలియదు.

రెండో రోజు అమ్మను పిలిచాడు. "అమ్మగోరూ, మీరు తానానికి ఎలగెల్తారో ఒకసారి సూపించండి. నీళ్ళొద్దు. ఉత్తుత్తినే."

అమ్మ మురిసిపోయింది. మనవరాలి బడిలో నాటకానికి వెళ్తున్నట్టు కొంగు దోపుకుని, ఖాళీ చెంబు పట్టుకుని, కళ్ళజోడు తీసి గూట్లో పెట్టి, గుమ్మం దగ్గర ఆగింది. నా భార్య చెయ్యి అందించింది. అమ్మ ఎడమ కాలు చాపి, గాలిలో కాసేపు తడిమి, నెమ్మదిగా కింద పెట్టింది. మేస్త్రి నేల మీద బోర్లా పడుకుని, ఇటుకముక్కతో ఆ పాదం చుట్టూ గీత గీశాడు. తర్వాత కుడి పాదం. అమ్మ పీట మీద కూర్చుంది, లేని నీళ్ళు పోసుకుంది, లేని సబ్బుకోసం వెనక్కి తిరిగింది. ఆయన ఆమె చుట్టూ మోకాళ్ళ మీద పాకుతూ గీస్తూనే ఉన్నాడు. "ఈపు రుద్దుకోరేటి అమ్మగోరూ?" "రుద్దుకుంటానుండు నాయనా, తొందరేటి?" అంటూ అమ్మ లేని పీచుతో వీపు కూడా రుద్దుకుంది. నా భార్య నవ్వాపుకోలేక బయటకు పారిపోయింది. అప్పటికి నేలంతా అమ్మ పాదాలే. కృష్ణాష్టమికి పిల్లలు ముగ్గుపిండితో వేసినట్టు.

"ఇదీ నక్షా" అన్నాడు మేస్త్రి లేచి దులుపుకుంటూ. "కొలతలైపోనాయి."

మర్నాడు టైల్సు కొనడానికి బయల్దేరాం. ఆయన మోపెడ్, వెనక నేను. హైవే మీద మూడు కొట్లున్నాయి. మేము మొదటి కొట్టు మెట్లెక్కుతుండగానే లోపల్నుంచి కేక వినపడింది. "ఒరే, మేస్త్రొచ్చీసినాడు, నీళ్ళసీసాలు దాసీయండి!" ఎందుకో నాకప్పుడు తెలియదు.

తెల్లటి, మెరిసే టైల్సు చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. వంగి చూశాను. మొహం కనిపించింది. బావ ఇంట్లో కంటే బాగా కనిపించింది.

"ఇవే" అన్నాను.

"ఇయి గోడకి బాబూ. నేలకి కాదు."

"మా బావ నేలకే వేయించాడు."

"ఆరింట్లో ఎవులైనా పడినారా?"

"వాళ్ళింట్లో ఎవరూ పడరు. వాళ్ళకు పడటం తెలియదు."

కొట్టాయన గుమాస్తాలతో సహా చుట్టూ చేరాడు. "ఒరే మావా, ఈయేల ఎవుల్ని పడగొట్టడానికొచ్చినావు?" అని మేస్త్రినడిగాడు. అంటూనే మూడు తెల్ల టైల్సు నేల మీద పరిచాడు. దాచిన నీళ్ళసీసా తనే తెచ్చాడు. మేస్త్రి జేబులోంచి కాగితంలో చుట్టిన సబ్బుముక్క తీశాడు. అది మా చందనం సబ్బే. నీళ్ళు పోసి, నురుగు తెప్పించి, "ఎక్కండి బాబూ" అన్నాడు.

ఎక్కాను. జారదని నిరూపించడానికి చెప్పులు విప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. "చూశారా? ఏమీ కాలేదు" అన్నాను. ఆ 'లేదు' దగ్గర ఉండగానే నా రెండు కాళ్ళూ నన్ను వదిలి కొట్టు గుమ్మం వైపు వెళ్ళిపోయాయి.

మా వీధి చివరి ఫ్యాన్సీకొట్టు ఆయన సరిగ్గా ఆ క్షణానే సింకు కొనడానికి రావాలా? వచ్చాడు.

మేస్త్రి నా మీదికి వంగి, వినపడే చెవి ముందుకు పెట్టి అడిగాడు. "పడినారా బాబూ?"

"పడలేదు. కూర్చున్నాను."

"అలగైతే లెగండి. మరోసారి కూకోండి. ఈ సింకు బాబు సరిగ్గా సూళ్ళేదు."

కొట్టంతా గొల్లుమంది. నేను కింద కూర్చునే ఫ్యాన్సీకొట్టు ఆయన మొహం బాగా గుర్తుపెట్టుకున్నాను. ఆ తర్వాత మూడేళ్ళు అతని కొట్టులో రబ్బరుబ్యాండు కూడా కొనలేదు. కానీ తెల్ల టైల్సు మాట మళ్ళీ ఎత్తలేదు. నా నడుం ఎత్తనివ్వలేదు.

అక్కడినుంచి మేస్త్రి ముందు గదుల్లోకి వెళ్ళలేదు. ఏ కొట్టులోనైనా నేరుగా పెరట్లోకే. ఎవరెవరి ఇళ్ళకో తెప్పించగా మిగిలిపోయిన పెట్టెలు అక్కడ దుమ్ము కొట్టుకుని ఉంటాయి. ఒక రకంవి అయిదు, ఒక రకంవి పదకొండు. పెద్ద ఇంటికి చాలవు, పారేయడానికి మనసొప్పదు. అడిగినవాడికి సగం ధరకు ఇచ్చేస్తారు. మేస్త్రి ఒక్కొక్క పెట్టె తెరిచి, టైలు మీద అరచెయ్యి రాసి, దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొట్టేవాడు. టక్ అంటే నా చేతికిచ్చేవాడు. డొబ్ అంటే, "ఇది సచ్చిపోనాది" అని పక్కన పెట్టేవాడు. మూడో కొట్టు పెరట్లో దొరికాయి, పిల్లినాలుకలా గరుగ్గా ఉన్న బూడిదరంగువి. మా బాత్రూం ఆరడుగులు పొడుగు, అయిదడుగులు వెడల్పు. అడుగు చదరం టైల్సు ముప్పై కావాలి. ముప్పై ఒకటి ఉన్నాయి. మేస్త్రి ఎగిరి గంతేశాడు. "సూసినారా బాబూ, ముఖలింగేస్పరుడే దాసిపెట్టినాడు మనకోసం!" ఆ సంబరంలో నేనూ గంతేయబోయి, నడుం గుర్తొచ్చి ఆగాను.

పని జరిగినన్నాళ్ళూ నేను దగ్గర లేను. బడులు తెరిచే రోజులు, కొట్టు వదలడానికి లేదు. చివరి రోజు సాయంత్రం ఇంటికి వచ్చి చూశాను. సబ్బుగూడు ఎదుటి గోడకు వచ్చింది. నేలంతా బూడిదరంగు, కుదురుగా, గీత గీసినట్టు. గుమ్మం దాటగానే, సరిగ్గా మొట్టమొదట, ఒక పసుప్పచ్చ టైలు. దాని మీద బొడిపెలు. అది పార్కింగ్ టైలు. ఇళ్ళ ముందు కార్లు పెట్టుకునేచోట వేసేది.

"ఇదేంటి?"

"పార్కింగ్ టైలు బాబూ. కొట్టాయన ఉత్తినే ఇచ్చినాడు."

"అది తెలుసు. ఇక్కడెందుకు?"

ఆయన తాపీ కడుక్కుంటూ, "అమ్మగోరినడగండి" అన్నాడు.

నేను అడగలేదు. ఎందుకడగాలి? పదివేలు నావి. పడింది నేను. బాత్రూంలో టైలు సంగతి యజమానికి చెప్పకుండా, వెళ్ళి మీ అమ్మనడుగు అనడమేమిటి, బడికి వెళ్ళే పిల్లాడికి చెప్పినట్టు? లెక్క తప్పి ఒకటి తక్కువై ఉంటుంది, కప్పిపుచ్చుకుంటున్నాడు అనుకున్నాను.

మూడు రోజులు ఎవరూ కాలు పెట్టకూడదన్నాడు. నాలుగో రోజు పొద్దున్నే వచ్చి, కుంకుడుకాయలు కొట్టించి, రసం తీయించి, నేలంతా పోశాడు. నురుగు చీలమండల దాకా వచ్చింది. పని అప్పగించే ముందు ఇంటి యజమాని ఆ నురుగులో ఎగరాలి. అదీ ఆయన పద్ధతే.

"ఎగరండి బాబూ."

"ఎగరను."

"ఒక్కసారే."

"నేను వ్యాపారస్తుణ్ణి. ఎగరను."

"ఒరే, తప్పుకో" అంది అమ్మ వెనకనుంచి. కళ్ళజోడు తీసి కోడలి చేతిలో పెట్టింది. కోడలు అలవాటుగా చెయ్యి అందించింది. అమ్మ ఆ చెయ్యి చూసి, పట్టుకోలేదు. గుమ్మం దాటి ఎడమ కాలు పెట్టింది. ఈసారి గాలిలో తడమలేదు. కుడి కాలు పెట్టింది. ఆ నురుగులో నిలబడి ఒకసారి మడమలెత్తింది. రెండోసారి కొంచెం ఎగిరింది. మూడోసారి నిజంగానే ఎగిరింది. మేస్త్రి బయట నుంచి చప్పట్లు కొడుతూ, "సెబాసు అమ్మగోరూ! ఇంకోటి!" అని అరిచాడు. నా భార్య కళ్ళు మూసుకుంది. నేను "అమ్మా, చాలు, అమ్మా!" అంటున్నాను.

"అందరూ అవతలికి నడవండి" అంది అమ్మ. తలుపు మూసుకుంది.

లోపల్నుంచి గడియ పడిన చప్పుడు వినపడింది. నాలుగు నెలల తర్వాత.

గంటసేపు బయటకు రాలేదు. నీళ్ళు పడుతూనే ఉన్నాయి. ఏదో పాట కూడా. మేస్త్రి తలుపుకు కుడి చెవి ఆనించి కూర్చున్నాడు, టైలు కొట్టి విన్నట్టే. "ఎల్తన్నాయి బాబూ, నీళ్ళు తూములోకి బేగి ఎల్తన్నాయి" అని నాకు వార్తలు చెప్పాడు. తలుపు తెరుచుకునే సరికి మా ట్యాంకులో చుక్క లేదు. ఆ పూట నేను స్నానం లేకుండానే కొట్టుకు వెళ్ళాను. దాన్నీ నేను మర్చిపోలేదు.

ఆ నెలలోనే బావ వచ్చాడు. బాత్రూంలోకి వెళ్ళిన మనిషి తడి కాళ్ళతోనే బయటకు పరిగెత్తుకొచ్చాడు. "ఒసే, ఇలా రా! మీ తమ్ముడు కారు కొన్నాడు, మనకి చెప్పలేదు! బాత్రూంలో పార్కింగెట్టీసినాడు! ఏరా బావా, లోపల హారన్ కొట్టాలా?" అక్క పడిపడి నవ్వింది. పిల్లలు నెల రోజులు బాత్రూం ముందు నిలబడి పీం పీం అన్నారు.

అయినా సహించేవాణ్ణే. టైలు తక్కువైంది కదా, పేదవాడి పని ఇలాగే ఉంటుంది అని సరిపెట్టుకున్నాను. దసరా ముందు అటక మీద నోటుపుస్తకాలు దించుతుంటే, పాత పేపర్లో చుట్టిన బూడిదరంగు టైలు ఒకటి దొరికింది. నిండు టైలు. ఎక్కడా చెక్కు కూడా లేదు. కూర్చుని లెక్క వేశాను. కొన్నవి ముప్పై ఒకటి. తూము దగ్గర కోతలో ఒకటి పగిలింది. మిగిలినవి ముప్పై. నేల మీద ఇరవై తొమ్మిది, ఒకటి నా చేతిలో. అంటే తక్కువ కాలేదు. ఉన్న టైలు అటకెక్కించి, కావాలనే పార్కింగ్ టైలు పెట్టాడు.

ఆ రోజునుంచీ ఆయన ఎక్కడ కనిపించినా వదల్లేదు. ఒక పెళ్ళిలో పంక్తిలో కూర్చుని ఉండగా ఎదురుగా నిలబడి, "నా టైలు సంగతేమిటి?" అన్నాను. "ఆగండి బాబూ, పప్పుచారొచ్చీసినాది" అని విస్తరిలో గుంట చేశాడు. మంగలి కుర్చీలో సగం గడ్డంతో దొరికాడు. "గొంతుమీద కత్తున్నాది బాబూ, తల ఊపలేను." బస్టాండులో బస్సెక్కుతూ దొరికాడు. కిటికీలోంచి కుడి చెవి బయట పెట్టి, నేను చెప్పిందంతా శ్రద్ధగా విని, బస్సు కదిలాక, "అమ్మగోరినడగండీ!" అని అరిచాడు. తిత్లీ తుఫాను తర్వాత రేకులు కొనడానికి వచ్చి తనే నన్ను పలకరించాడు.

"మీ ఇల్లెలగున్నాది బాబూ?"

"ప్రహరీ పడిపోయింది. వసారా రేకులు ఎగిరిపోయాయి. నీ టైలు మాత్రం కదల్లేదు."

"మరి!" అన్నాడు, నేను పొగిడాననుకుని. మొహమంతా వెలిగిపోయింది. మా ఇద్దరి మధ్య జరిగిన చివరి మాట అదే.

ఇదంతా టీ గ్లాసుతో కూర్చుని తలుచుకున్నాను. లేచేటప్పుడు మొండితనం మళ్ళీ వచ్చింది. ఆయన పోయాడు సరే, టైలు ఉంది కదా. కొట్టాయననే అడిగి ఇంకో మేస్త్రిని వెంటపెట్టుకుని వెళ్ళాను. ఇతను స్నానమేదీ అడగలేదు. ఉలీ సుత్తీ తీసి బాత్రూం గుమ్మం దగ్గర కూర్చుని, పసుప్పచ్చ టైలు అంచున ఉలి ఆనించాడు. నేను పక్కన బూడిదరంగు టైలు పట్టుకుని నిలబడ్డాను.

అమ్మ పెరట్లోంచి వచ్చింది. చూసింది. పీట తెచ్చి, సరిగ్గా ఆ పార్కింగ్ టైలు మీద వేసుకుని కూర్చుంది.

"ముందు నన్ను తవ్వండిరా" అంది.

"అమ్మా, లే. ఒక్క టైలు. మార్చేస్తే నేలంతా ఒకటే రంగవుతుంది."

"ఒకటే రంగైతే నాకు కనిపిస్తాదేటిరా? కళ్ళజోడెట్టుకుని ఎవరైనా తానం చేస్తారా? జోడు తీస్తే గుమ్మం దాటాక నేలెక్కడుందో, నీళ్ళెక్కడున్నాయో నాకు తెలుస్తాదా? అంతా బూడిదే. ఈ పసుపు ఒక్కటే కనిపిస్తాది. దీని మీద కాలెడితే చాలు, ఇంక అన్నీ తెలిసిపోతాయి. పీట ఇటు, సబ్బు అటు. ఆ మేస్త్రి నా కాలు గాలిలో తడమడం చూశాడు. నువ్వూ అక్కడే ఉన్నావు."

ఉన్నాను. చేతులు కట్టుకుని, చందనం సబ్బు గురించి ఆలోచిస్తూ ఉన్నాను.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడిగావేటి?"

కొత్త మేస్త్రి ఉలి సంచిలో వేసుకున్నాడు. అతనికి టీ ఇచ్చి పంపించాం. మేస్త్రి పోయాడని అప్పుడు అమ్మకు చెప్పాను. అమ్మ చాలాసేపు పీట మీంచి లేవలేదు. తర్వాత, "సబ్బు పూర్తిగా ఇచ్చి పంపాల్సింది" అంది.

ఎవరూ లేనప్పుడు నేను లోపలికి వెళ్ళి, ఆ పసుప్పచ్చ టైలు మీద వేలి కణుపుతో కొట్టి చూశాను. టక్ అంది. ఆయన మీద నాకింకా కోపం ఉంది. అయిదేళ్ళలో ఒక్కసారి, ఆ పప్పుచారు పక్కన పెట్టి, విషయం ఇదీ బాబూ అని నాకు చెప్పి ఉండవచ్చు. చెప్పినా నేను వినేవాణ్ణి కాదన్నది వేరే సంగతి.

మొన్న బావ వచ్చాడు. ఈ మధ్య చూపు ఆనక లావుపాటి అద్దాలు పెట్టుకుంటున్నాడు. వచ్చీ రాగానే, "ఏరా బావా, పార్కింగ్ ఖాళీగా ఉన్నాదా?" అన్నాడు. కళ్ళజోడు తీసి నా చేతికిచ్చి, తువ్వాలు భుజాన వేసుకుని బాత్రూం గుమ్మం దాటాడు. తలుపు మూసుకునేలోగా చూశాను. ఎడమ కాలు ఎక్కడా తడుముకోకుండా, నేరుగా వెళ్ళి పసుప్పచ్చ టైలు మీదే పడింది.

నేను ఆయనకేమీ చెప్పలేదు. అడిగితే చెబుదును.